జిరాక్స్ తీసుడు, గూగుల్ల కొట్టుడు

కరీంనగర్ కలెక్టరేట్ దగ్గర గానీ, మంచిర్యాల రైల్వే స్టేషన్ బయట గానీ, ఆదిలాబాదు బస్టాండు ఎదుట గానీ ఒక్కసారి తల ఎత్తి బోర్డులు చూడండి. 'జిరాక్స్' అనే మాట కనపడని వీధి ఉండదు. లోపలికి పోయి చూస్తే యంత్రం మీద ఇంకో కంపెనీ పేరుంటుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు. "అన్నా, ఆధార్‌ది రెండు జిరాక్స్‌లు తీయి" అంటాం, ఆయన తీసి ఇస్తాడు. యంత్రం ఒకరిది, పేరు ఇంకొకరిది, పని మాత్రం అయిపోతుంది.

ఇదే పనిని అమెరికాలో చదివే విద్యార్థి చెప్పవలసి వస్తే "జిరాక్స్ ఇట్" అంటాడు. అంటే ఆ కంపెనీ పేరునే క్రియగా వాడేస్తాడు. అతని వాక్యంలో మన "తీయి" వంటి మాట లేదు. మనకు మాత్రం అది లేకపోతే వాక్యం ముందుకు సాగదు. "అన్నా, ఇది జిరాక్స్" అని ఊరుకుంటే దుకాణదారు "ఏం చెయ్యాలె?" అని అడుగుతాడు. ఈ చిన్న "తీయి" గురించే ఈ వ్యాసం. ఇది చిన్న మాటే గానీ, దీని వెనుక రెండు భాషల స్వభావం ఉంది. మన ప్రాంతపు మాటకు జరిగిన ఒక అన్యాయం కూడా ఉంది.

ముందు ఇంగ్లీషు సంగతి చూద్దాం. ఆ భాషలో నామవాచకం క్రియగా మారడానికి వేషం మార్చుకోనక్కర లేదు. నీళ్లకు ఏ మాటో, మొక్కలకు నీళ్లు పోయడానికీ అదే మాట. పుస్తకం 'బుక్', గది ముందుగా తీసిపెట్టుకోవడమూ 'బుక్' చేయడమే. వెయ్యేండ్ల కిందటి ఇంగ్లీషులో ఇంత సులువు లేదు. అప్పుడు నామవాచకానికి విభక్తి తోకలు, క్రియకు వేరే తోకలు ఉండేవి. కాలక్రమాన ఆ తోకలు చాలా వరకు రాలిపోయాయి. తోకలు రాలినాక నామానికీ క్రియకూ రూపంలో తేడా లేకుండా పోయింది. ఇక వాక్యంలో ఏ స్థానంలో కూచుంటే ఆ పని చేయడమే. ఇంగ్లీషు క్రియల్లో దాదాపు అయిదో వంతు మొదట నామవాచకాలేనని స్టీవెన్ పింకర్ అనే భాషా శాస్త్రవేత్త 1994లో వచ్చిన తన పుస్తకంలో అంచనా కట్టాడు.

అట్లా మారిన వాటిల్లో మనుషుల పేర్లు కూడా ఉన్నాయి. విద్యార్థి సంఘం సంచికలో ముందుగా చెప్పుకోవలసిన పేరు బాయ్‌కాట్. అది ఒక మనిషి ఇంటిపేరు. చార్లెస్ కన్నింగ్‌హామ్ బాయ్‌కాట్ ఐర్లండులోని మేయో జిల్లాలో ఒక జమీందారుకు ఏజెంటు. 1880లో కౌలు తగ్గించమన్న రైతుల మాట వినక, వాళ్లను భూముల నుండి వెళ్లగొట్టబోయాడు. ఊరంతా ఒక్కటైంది. పొలంలో కూలీలు దిగలేదు, దుకాణాల్లో సరుకు ఇవ్వలేదు. కొన్ని నెలల్లోనే ఆయన ఇంటిపేరు పత్రికల్లో క్రియగా అచ్చయింది. మనిషి పేరు క్రియ కావడానికి అంత తక్కువ కాలం పట్టడం అరుదు. 1969 తెలంగాణ ఉద్యమంలో మన విద్యార్థులు క్లాసులు 'బాయ్‌కాట్ చేసిండ్రు' అని పెద్దలు ఇప్పటికీ చెప్తారు. ఆ మాట ఐర్లండు రైతుల నుండి వచ్చిందని ఎందరికి తెలుసు? ఇక్కడ కూడా గమనించండి. అక్కడ వట్టి బాయ్‌కాట్, మన దగ్గర బాయ్‌కాట్ 'చేసుడు'.

ఇక వ్యాపార నామాల కథ ఇంకా సరదాగా ఉంటుంది. 1938 అక్టోబర్ 22న న్యూయార్కులోని ఆస్టోరియాలో చెస్టర్ కార్ల్‌సన్ అనే ఆయన తడి రసాయనాలు లేకుండా, విద్యుదావేశంతో పొడిని కాగితానికి అంటించి మొదటి నకలు తీశాడు. ఆ పద్ధతికి గ్రీకులో 'పొడి రాత' అనే అర్థం వచ్చేట్టు పేరు పెట్టారు. హాలాయిడ్ అనే కంపెనీ ఆ పద్ధతిని కొని, 1959లో 914 అనే యంత్రాన్ని బజారులోకి తెచ్చింది. అది ఎంత నడిచిందంటే 1961లో కంపెనీ తన పేరునే జిరాక్స్ అని మార్చుకుంది. పేరు ప్రజల నోట క్రియగా మారేసరికి అదే కంపెనీ భయపడి, దయచేసి మా పేరును క్రియగా వాడకండి అని ప్రకటనలు ఇచ్చుకోవలసి వచ్చింది.

పేరు ప్రసిద్ధమైతే సంతోషించాలి గానీ భయమెందుకు? కారణం చట్టం. ఒక వ్యాపార నామం ఆ వస్తువుకే సాధారణ నామం అయిపోతే దాని మీద కంపెనీకి ఉన్న సొంత హక్కు పోవచ్చు. ఆస్పిరిన్ పేరు మీద బేయర్ కంపెనీకి అమెరికాలో ఉన్న హక్కు 1921లో కోర్టు తీర్పుతో చాలా వరకు పోయింది. సెల్లోఫేన్‌కు 1936లో, ఎస్కలేటర్‌కు 1950లో, థర్మాస్‌కు 1963లో అదే గతి పట్టింది. గూగుల్‌ను క్రియగా 2006లో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు చేర్చుకుంది. ఆ తర్వాత కొందరు ఈ పేరు కూడా అందరిదీ అయిపోయిందని కోర్టుకెక్కారు. 2017లో అమెరికా అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. జనం ఒక పేరును క్రియగా వాడినంత మాత్రాన ఆ పేరు మీద హక్కు పోదు, ఆ పేరు ఇంకా ఒక కంపెనీని సూచిస్తున్నదా లేదా అన్నదే చూడాలి అన్నది ఆ తీర్పు సారాంశం.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. తెలుగులో నామమూ క్రియా ఒకే రూపంలో ఉండడం అసలే లేదా అంటే, ఉంది. నవ్వు, దగ్గు, తుమ్ము, తిట్టు, మొక్కు, కుట్టు, పట్టు, కట్టు. ఇవన్నీ నామాలూ అవుతాయి, క్రియలూ అవుతాయి. "వాని నవ్వు బాగుంటది" అన్నప్పుడు నామం, "జర నవ్వు" అన్నప్పుడు క్రియ. కానీ ఈ గుంపు పాతకాలపు అచ్చ తెలుగు మాటలది. కొత్తగా బయటి నుండి వచ్చిన మాటకు ఈ గుంపులో చోటు లేదు. "నేను ఫోనుతున్న" అని మనలో ఎవరమూ అనము, నవ్వులాటకు తప్ప.

ఎందుకు? తెలుగు క్రియ మోసే బరువు ఎక్కువ. కాలం, పురుషం, లింగం, వచనం అన్నీ క్రియ చివరనే ఉండాలి. చేసిన, చేసిండు, చేసింది, చేసిండ్రు, చేస్తలేరు, చెయ్యకుంటే. ఈ మూటనంతా కొత్తగా వచ్చిన పరాయి మాట నెత్తిన పెడితే అది మోయలేదు. అందుకని మనం ఆ మాటను అట్లాగే ఉంచి, పక్కన మూట మోసే ఒక తెలుగు క్రియను నిలబెడతాం. కొత్త మాట అర్థాన్ని తెస్తుంది, తెలుగు క్రియ వ్యాకరణాన్ని మోస్తుంది. ఈ మోసే క్రియను 'తోడు క్రియ' అందాం.

చాలామంది ఇక్కడితో ఆగి, "అయితే తెలుగులో ఏ మాటకైనా 'చేయు' తగిలిస్తే క్రియ అయిపోతుంది, అంతే కదా" అంటారు. అంతే కాదు. నేను ఇంగ్లీషు పాఠం చెప్పుకొని బతికే మనిషిని. ఇరవయ్యేళ్లుగా పిల్లల మాటలు వింటూ ఒక నోటు పుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. దాన్ని చూస్తే తోడు క్రియను ఎంచుకోవడంలోనే అసలు విద్య ఉన్నదని నాకు తోచింది.

'కాపీ' అనే ఒక్క మాటను తీసుకోండి. కాపీ తీసిండు అంటే నకలు తీయించాడు. కాపీ చేసిండు అంటే ఉన్నదాన్ని ఉన్నట్టు ఇంకోచోట దింపాడు. కాపీ కొట్టిండు అంటే పరీక్షలో పక్కవాడి పేపరు చూశాడు. మొదటిదానికి రెండు రూపాయలు, రెండోదానికి కొంత ఓపిక, మూడోదానికి డిబార్! నామం ఒకటే. మూడు పనులనూ వేరు చేసింది తోడు క్రియ మాత్రమే. ఇంగ్లీషులో మూడింటికీ ఒకే క్రియ సరిపెట్టవచ్చు. ఏ కాపీయో సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి.

'ఫోటో' చూడండి. ఫోటో తీసిన అంటే కెమెరా నా చేతిలో ఉంది. ఫోటో దిగిన అంటే నేను కెమెరా ముందు ఉన్నాను. ఫోటో పెట్టిన అంటే స్టేటస్‌లో నలుగురికీ చూపించాను. ఫోటో కట్టించిన అంటే అద్దం వేయించాను. వీటిల్లో 'ఫోటో దిగు' అనే దానికి సాటి వచ్చే ఒక్క మాట ఇంగ్లీషులో నాకు కనబడలేదు. అక్కడ నాలుగు మాటలు చుట్టి చెప్పాలి. 'లైన్' కట్టినవాడు రేషన్ దుకాణం ముందు నిలబడతాడు. లైన్ వేసేవాడు లేడీస్ హాస్టల్ ముందు నిలబడతాడు. పొలంలో బోరు వేస్తాం, చెడ్డ సినిమా బోరు కొడుతుంది.

ఏ మాటకు ఏ తోడు అన్నది ఎవరు నిర్ణయిస్తారు? బడిలో ఎవరూ చెప్పరు, పుస్తకంలో ఉండదు. అయినా మనం తప్పు పోము. దాని వెనుక ఒక పద్ధతి ఉంది. లోపలి నుండి ఏదో ఒకటి బయటికి వచ్చే పనులకు 'తీయు' వస్తుంది. ఫోటో తీయి, ఎక్స్‌రే తీయి, ప్రింటు తీయి, సినిమా తీయి. యంత్రంలో నుండి కాగితం బయటికి వస్తుంది కనుక జిరాక్స్ కూడా ఈ వరుసలో చేరింది. ఒక చోట నిలిపి ఉంచే పనులకు 'పెట్టు'. కేసు పెట్టిండు, దరఖాస్తు పెట్టిండు, వాట్సాప్‌ల పెట్టిండు. పైనుండి దించే పనులకు, విడిచే పనులకు 'వేయు'. ఓటు వేసినం, బ్రేకు వేసిండు. మనిషి లోనికి వెళ్లి బయటికి వచ్చే పనులకు ఎక్కుడు, దిగుడు. ఆర్టీసీ డ్రైవరు డ్యూటీ ఎక్కుతాడు, డ్యూటీ దిగుతాడు.

అన్నిటికంటె చురుకైనది 'కొట్టు'. చేతితో ఒక్క దెబ్బ వేసే పనులన్నీ దీనివి. డప్పు కొట్టు, ముద్ర కొట్టు, టైపు కొట్టు, హారన్ కొట్టు, సైకిల్‌కు గాలి కొట్టు. ఆ అలవాటు మీదనే ఫోన్ వచ్చినాక నంబర్ కొట్టు అన్నాం, తెర మీద వేలు పెట్టే రోజులు వచ్చినాక స్క్రీన్‌షాట్ కొట్టు అన్నాం. అమెరికా వాడు గూగుల్‌ను క్రియ చేసుకుంటే, మనవాడు "గూగుల్ల కొట్టి సూడు" అంటాడు. ఈ మాటలో గూగుల్ ఒక చోటు, కొట్టుడు మన పని. కంపెనీ వాళ్ల లాయర్లు వింటే ఎంత సంతోషిస్తారో! వాళ్లు కోరుకునేదీ ఇదే కదా, పేరు పేరుగానే మిగలాలని. 2016లో యూపీఐ వచ్చింది. ఆ తర్వాత ఫోన్‌పే అనే పేరు కూరగాయల బండి దాకా చేరింది. జేబులో ఉన్నది ఏ కంపెనీ యాప్ అయినా సరే, "ఫోన్‌పే కొట్టన్నా" అంటారు. ఏ పండితుల సభా జరగకుండానే ఆ తోడు కుదిరింది.

ఇవన్నీ ఇంగ్లీషు మాటల కథలు. మన ఉత్తర తెలంగాణకు ఇంతకంటె పాత కథ ఒకటి ఉంది. అది ఉర్దూ కథ. నిజాం రాజ్యంలో ఉర్దూ రాజభాష. కచేరీ, పోలీసు, రెవెన్యూ, చదువు అన్నీ అందులోనే. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతోనే మొదలైంది. 1948 దాకా నడిచిన ఆ రాజ్యంలో ఊరి జనం ఉర్దూ నామాలను ఎట్లా వాడుకున్నారు? మళ్లీ అదే తోడు పద్ధతి. వసూలు చేసుడు, మంజూరు చేసుడు, రద్దు చేసుడు, దాఖలు చేసుడు, జప్తు చేసుడు. నాగా పెట్టుడు. యాది చేసుకొనుడు. ఒక్క జత మారిస్తే చేసినవాడు కూడా మాయమైపోతాడు. అప్పు మాఫ్ చేసిండ్రు, అప్పు మాఫ్ అయింది. ఇంగ్లీషు మాటకూ అంతే. లేటు చేసిండు, లేటయింది. చేయు, అవు అనే ఈ జంట వందల ఏళ్ల కింద ఉర్దూ మాటల మీద సాధన చేసింది. ఇంగ్లీషు వచ్చేసరికి దానికి పని కొత్త కాదు.

అయితే ఉర్దూ క్రియలను తెచ్చుకున్నప్పుడు మాత్రం మనవాళ్లు ఇంకో దారి పట్టారు. తోడు పెట్టలేదు, తోక అతికించారు. సతానా నుండి సతాయించు, దబానా నుండి దబాయించు, కమానా నుండి కమాయించు, చలానా నుండి చలాయించు, ఉడానా నుండి ఉడాయించు, ఫిరానా నుండి ఫిరాయించు, బనానా నుండి బనాయించు. వీటిల్లో కొన్నిటికి మన దగ్గరికి వచ్చినాక అర్థం కూడా మారింది. ఉర్దూలో బనానా అంటే చేయడం, తయారు చేయడం. చాయ్ కూడా బనాయించవచ్చు. తెలుగులో మాత్రం బనాయించేది అబద్ధపు కేసును! ఉడానా అంటే ఎగరవేయడం. తెలుగులో ఉడాయించినవాడు చిట్టీ డబ్బులతో ఊరు దాటినవాడు. ఫిరానా అంటే తిప్పడం. మనకు ఫిరాయింపు అంటే పార్టీ మారడమే. 1985లో 52వ రాజ్యాంగ సవరణ వస్తే దానికి తెలుగు పత్రికలు పెట్టుకున్న పేరు పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం. ఢిల్లీలో పుట్టిన చట్టానికి దక్కనీ మాట మీద తెలుగు తోక!

ఇక్కడ ఒక చిన్న అనుభవం చెప్పాలి. ఆరో తరగతిలో మమ్మల్ని మా ఇంటి గురించి వ్యాసం రాయమన్నారు. మా నాయన అప్పుడు దుబాయిల పని చేస్తుండె. మా జగిత్యాల దిక్కు ఊరికి పది ఇండ్లల్ల అట్లే ఉండె. "మా నాయన దుబాయిల కమాయించి పైసలు పంపుతడు" అని రాసిన. ఆ వాక్యం కింద ఎర్ర గీత పడింది. 'కమాయించి' కొట్టివేసి పైన 'సంపాదించి' అని రాసి ఉంది. పక్కన 'అశుద్ధ భాష' అని కూడా ఉంది. క్లాసులో గట్టిగా చదివి వినిపించారు. పిల్లలు నవ్విండ్రు. అందులో సగం మంది ఇండ్లల్లో కమాయించుడే తప్ప సంపాదించుడు లేదు.

చాలా ఏళ్ల తర్వాత, విశ్వవిద్యాలయంలో భద్రిరాజు కృష్ణమూర్తిగారి తెలుగు క్రియాధాతువుల పుస్తకం (1961లో అచ్చయింది) తిరగవేస్తున్నప్పుడు ఆ ఎర్ర గీత నాకు జ్ఞాపకం వచ్చింది. 'సంపాదించు' ఎక్కడిది? సంపాదన అనే సంస్కృతపు మాట, దానికి 'ఇంచు' అనే తెలుగు తోక. ప్రేమకు ఇంచు చేరి ప్రేమించు, పూజకు ఇంచు చేరి పూజించు అయినట్టే. 'కమాయించు' ఎక్కడిది? కమా అనే ఉర్దూ ధాతువు, దానికి అదే 'ఇంచు'. రెండూ పరాయి సరుకులే. రెండూ ఒకే సాలె మగ్గం మీద నేసినవే. ఒకదాని నూలు కాశీ నుండి వచ్చింది, ఒకదాని నూలు దక్కన్ బజారు నుండి వచ్చింది. ఒకటి శుద్ధం, రెండోది అశుద్ధం ఎట్లా అవుతుంది? కమాయించు తప్పయితే సంపాదించు కూడా తప్పే. సంపాదించు ఒప్పయితే కమాయించుకు ఎర్ర గీత కొట్టే అధికారం వ్యాకరణానికి లేదు. ఆ గీత కొట్టింది వ్యాకరణం కాదు, చిన్నచూపు.

ఈ మాట నేను కోపంతో అంటలేను. సర్కారు కాగితాలు చూడండి. బదలాయింపు, మినహాయింపు అనే మాటలు లేకుండా ఒక్క జీవో అయినా నడుస్తుందా? బదల్, మినహా అనే బయటి మాటలకు అదే తోక అతికిస్తే వచ్చినవి అవి. సెక్రటేరియట్‌లో వాడితే గౌరవనీయమైన పదం, సిరిసిల్లలోనో చెన్నూరులోనో వాడితే యాస! ఎంతో మంది మన పిల్లలు ఈ భయంతోనే క్లాసులో నోరు తెరవలేదు. ఇప్పటికీ హైదరాబాదు ఇంటర్వ్యూలకు పోయి 'చేసిన' అనబోయి నాలుక కరుచుకొని 'చేశాను' అంటున్నారు. ఏ రూపం ఎక్కడ వాడాలో తెలుసుకోవడం మంచిదే. తన రూపం తప్పని నమ్మడం మాత్రం మంచిది కాదు.

ఒకే మాటను రెండు భాషలూ ఎట్లా వాడుకుంటాయో చూడాలంటే 'లూట్' మంచి ఉదాహరణ. ఈ హిందీ మాటను మనమూ తీసుకున్నాం, ఇంగ్లీషు వాళ్లూ తీసుకున్నారు. వాళ్ల దగ్గర అది నామమూ అయింది, ఏ తోడూ లేకుండా క్రియా అయింది. మన దగ్గర 'లూటీ చేసిండ్రు' అయింది. 'షాంపూ' ప్రయాణం ఇంకా విచిత్రం. హిందీలో ఒళ్లు పట్టడం, పిసకడం అనే క్రియ నుండి అది 18వ శతాబ్దంలో ఇంగ్లీషుకు పోయింది. అక్కడ మొదట క్రియ, తర్వాత తల కడగడం, ఆ తర్వాత సీసాలోని సరుకు. అట్లా నామమై మళ్లీ మన దేశానికి తిరిగి వచ్చింది. ఇక్కడ "షాంపూ పెట్టి తానం జేసిన" అంటున్నాం. ఇక్కడి క్రియే బయటి దేశం తిరిగి వచ్చేసరికి దానికి మళ్లీ ఒక తోడు అవసరమైంది.

వ్యాపార నామం వస్తువు నామం కావడం చాలావరకు నష్టం లేని సంగతే. డబ్బాలో ఏ నూనె ఉన్నా డాల్డా అన్నాం, దోమలకు ఏ మందు చల్లినా ఫ్లిట్ కొట్టుడు అన్నాం, మట్టి తవ్వే యంత్రం ఏదైనా జేసీబీ అంటున్నాం. దాంతో ఎవరి ప్రాణమూ పోలేదు. కానీ ఒక చోట మాత్రం ఈ అలవాటు ప్రాణం మీదికి వస్తుంది. మన పత్తి చేలల్లో 'మందు కొట్టుడు' అనే ఒక్క మాటలో పురుగు మందు, తెగులు మందు, గడ్డి మందు అన్నీ కలిసిపోతాయి. అదే 'మందు కొట్టిండు' అంటే సాయంత్రం కల్లు కాంపౌండు దిక్కు పోయినవాడి సంగతి కూడా అవుతుంది. ఇక 'మందు తాగిండు' అని ఇంట్లో ఏడుపు లేచినప్పుడు, ఆస్పత్రిలో డాక్టరు మొదట అడిగేది ఏ మందు అనే. ఆర్గానో ఫాస్ఫేటు జాతి పురుగు మందులకు అట్రోపిన్ వంటి విరుగుడు ఉంది. పారాక్వాట్ అనే గడ్డి మందుకు విరుగుడు లేదు, చేయవలసిన చికిత్స వేరు. అక్కడ 'మందు' అనే సాధారణ నామం పనికిరాదు, డబ్బా మీద ఉన్న పేరు కావాలి. ఊరికి పోయినప్పుడు ఈ ఒక్క మాట మీ ఇంట్లో చెప్పండి. అట్లాంటి ఆపద వస్తే డబ్బా కూడా వెంట తీసుకొని పోవాలని.

మళ్లీ భాషకు వద్దాం. నామాలను క్రియలు చేయడం మీద ఇంగ్లీషులో కూడా పెద్దలు విసుక్కున్నారు. 1789లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ నిఘంటుకారుడు నోవా వెబ్‌స్టర్‌కు ఉత్తరం రాస్తూ 'నోటీస్', 'అడ్వొకేట్', 'ప్రోగ్రెస్' అనే మాటలను క్రియలుగా వాడుతున్నారని బాధపడ్డాడు. ఈనాడు వాటిని క్రియలుగా వాడని ఇంగ్లీషు పత్రిక లేదు. ఎర్ర గీత కొట్టేవారు అన్ని దేశాల్లోనూ ఉంటారు. జనం నాలుక మాత్రం తన పని తాను చేసుకొని పోతుంది.

ఇంగ్లీషంటే భయపడే తమ్ముళ్లకు, చెల్లెండ్లకు దీనిలో ఒక లాభం కూడా ఉంది. మన పిల్లలు ఇంగ్లీషులో చేసే తప్పుల్లో ఒక పెద్ద వంతు ఈ తోడు క్రియల వల్ల వచ్చేవే. తెలుగులో "ఆయన నాకు ఫోన్ చేసిండు" కనుక, ఇంగ్లీషులోనూ 'డిడ్ ఫోన్ టు మీ' అని రాస్తారు. అక్కడ 'ఫోన్' తానే క్రియ, దానికి తోడు అక్కర లేదు. 'ఫోన్డ్ మీ' అంటే చాలు. మన తోడును ఆ భాషలోకి తీసుకుపోవడమే పొరపాటు. ఈ తప్పు తెలివి తక్కువ వల్ల వచ్చింది కాదు. ఒక భాష బాగా వచ్చు గనుక వచ్చింది. రెండు భాషల పద్ధతీ పక్కపక్కన పెట్టి చూపిస్తే పిల్లలు వారం రోజుల్లో దిద్దుకుంటారని నా అనుభవం. తెలుగు ఎంత బాగా తెలిస్తే ఇంగ్లీషు అంత తొందరగా పట్టుబడుతుంది. రెండింటికీ పగ లేదు.

చివరగా విద్యార్థి సంఘం మిత్రులకు ఒక మనవి. మాండలిక వృత్తి పదకోశం పేరుతో మన రాష్ట్రాల రైతుల మాటలు 1962లో, చేనేత మాటలు 1971లో సంపుటాలుగా వచ్చాయి. ఆ పని చేసినవారు ఊరూరూ తిరిగి, మనుషులను అడిగి రాసుకున్నారు. ఆ తర్వాత సిరిసిల్లలో సాంచాల మోత పెరిగింది, గోదావరిఖని, మందమర్రి బాయిల్లో కొత్త యంత్రాలు దిగాయి, పత్తి వచ్చింది, గల్ఫ్ వచ్చింది, ఫోన్ వచ్చింది. వాటితో వచ్చిన మాటలకు మన జనం ఏయే తోడులు కుదిర్చారో రాసి పెట్టవలసినవి ఎన్నో మిగిలి ఉన్నాయి. పాత కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలు 2016లో ఎనిమిది జిల్లాలుగా పంచుకున్నాయి గానీ మాట ఇంకా పంచుకోలేదు.

కాళోజీ పుట్టిన సెప్టెంబర్ 9ని 2014 నుండి తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు ఉపన్యాసాలు ఉండనే ఉంటాయి. వాటితో పాటు ఒక్కొక్క విద్యార్థి తన ఊరి నుండి పది మాటలు రాసి తెస్తే చాలు. ఏ పేరుకు ఏ తోడు పెట్టారు, ఎవరు అన్నారు, ఏ పని మీద అన్నారు అన్నంత వరకు. సాంచ నడిపే మామనో, బాయి నుండి దిగిన చిన్నాయననో, మందు కొట్టి వచ్చిన (పొలంలో కొట్టి వచ్చిన అని నా భావం) అన్ననో అడగండి. వాటిని తెలుగు శాఖ వారికి అప్పగిస్తే వచ్చే సంవత్సరం సంచికలో నాలుగు పేజీలు నిండుతాయి. నా నోటు పుస్తకంలో ఉన్న రెండు వందల పైచిలుకు మాటలను మొదటి విడతగా ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను.